పోసిబాబు చిగుళ్ల పోస్టింగు

జిల్లా పేరు చెప్పడం లేదు. చెబితే ఆ జిల్లావాళ్లు "అబ్బే, మా దగ్గర అలాంటివి జరగవండీ" అంటారు. చెప్పకపోతే ప్రతి జిల్లావాళ్లూ "ఇది మా ఆస్పత్రి సంగతే" అని మురిసిపోతారు. గోదావరి గాలి తగిలే ఊరని తెలిస్తే చాలు. ఆ ఊళ్లో ఒక ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. దానికి ఎదురుగా, రోడ్డు అవతల, ఒక బ్యాండ్ మేళం వారి గది ఉంది. ఆ మేళంలో క్లారినెట్ వాయించే పోసిబాబుకు ముందుపళ్లు ఊగడంతో ఈ కథ మొదలైంది.

పళ్లు ఎవరికైనా ఊగుతాయి. మామూలు మనిషి నాలుగు రోజులు నాలుకతో వాటిని కదుపుకుంటూ కూర్చుంటాడు, ఆ తర్వాత పీకించుకుని మజ్జిగన్నం తింటాడు. క్లారినెట్ మనిషికి ఆ వీలు లేదు. వాద్యం కొసను పై ముందుపళ్ల కింద ఆనించి, కింది పెదవి మడిచి బిగించి ఊదాలి. పైపళ్లు గట్టిగా నిలబడితేనే ఊపిరి స్వరమవుతుంది, లేకపోతే ఉత్త గాలే.

పోసిబాబుకు చిగుళ్ల జబ్బు కొత్తది కాదు. పళ్లు తోముకుంటే నెత్తురు కనబడేది. పేస్టు మార్చాడు. పేస్టు మారినా నెత్తురు ఆగకపోయేసరికి తప్పు బ్రష్షుదేనని తేల్చి, దాన్ని అవతల పారేసి వేపపుల్ల పట్టాడు. ఈలోగా చిగుళ్లు వాటి దారిన అవి పైకి జారుకున్నాయి. లోపల పన్నును పట్టుకునే ఎముక కరిగింది. మాఘమాసంలో ఒక పెళ్లి ఊరేగింపులో పై స్వరం అందుకోబోతే పళ్లు కదిలి, పాటకు బదులు ఒక కీచు బయటికొచ్చింది. పెళ్లికూతురి మేనమామ వెనక్కి తిరిగి, "ఏవయ్యా, పిల్లినేమన్నా తొక్కావా?" అన్నాడు. జనం నవ్వారు. పోసిబాబు కూడా నవ్వాడు గాని, ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"పీకించేసుకుని కట్టుడుపళ్లు పెట్టించుకోరాదా?" అంది భార్య మంగతాయారు.

"కట్టుడుపళ్లతో ఊదితే పాటకంటే ముందు పళ్లు బయటికొస్తాయే," అన్నాడు పోసిబాబు. "అయినా నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఇది పోతే నేను పోసిబాబుని కాను, ఊరికే బాబుని."

సరిగ్గా ఆ రోజుల్లోనే రోడ్డుకు ఇవతల మరో ముచ్చట నడుస్తోంది. వైద్యశాల డైరెక్టరు డాక్టర్ కోదండపాణిగారు ఏదో మహాసభకు వెళ్లి, మూలకణాల మీద ఒక ప్రసంగం విని, కళ్లు మెరిపించుకుంటూ తిరిగొచ్చారు. మనిషి శరీరంలోనే ఉండే కొన్ని లేత కణాలు ఎక్కడ పెడితే అక్కడి పని నేర్చుకుంటాయట, చెడిన చిగురును, కరిగిన ఎముకను మళ్లీ కట్టుకొస్తాయట. డైరెక్టరుగారు వచ్చిన వారంలోనే పైఅంతస్తులో ఒక గదికి సున్నం వేయించి, ఆ గదికంటే పెద్ద బోర్డు రాయించారు: "చిగుళ్ల పునరుజ్జీవన మహాకేంద్రం." ప్రారంభోత్సవంలో మైకు పట్టుకుని, "ఇకమీదట ఈ జిల్లాలో ఏ చిగురూ అనాథ కాదు!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మేళం పోసిబాబు వాళ్లదే. కానీ పోసిబాబు క్లారినెట్ పక్కన పెట్టి తాళాలు వాయించాడు.

అది చూసింది డాక్టర్ నీలవేణి. ఆ మహాకేంద్రంలో అసలు పని తెలిసిన మనిషి ఆవిడొక్కతే. పోసిబాబును పిలిచి నోరు తెరిపించింది, ఎక్స్‌రే తీయించింది. మర్నాడు మొగుడూపెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పోసిబాబుగారూ, ఇలాగే వదిలేస్తే ఏడాది తిరగకుండా ఈ నాలుగు పళ్లూ రాలిపోతాయి. మీ కింది దవడలో చివర జ్ఞానదంతం ఒకటి గట్టిగా ఉంది. అది తీస్తే దాని వేరు చుట్టూ ఉన్న పొరలోంచి మూలకణాలు తీయొచ్చు. వాటిని పైన పెట్టెలో వెచ్చగా పెంచి, తెచ్చి మీ ముందుపళ్ల వెనక పొదిగితే అక్కడ కొత్త చిగురు, ఎముక కట్టుకునే వీలుంది. గ్యారంటీ ఇవ్వలేను. కానీ ప్రయత్నించదగ్గ నోరు ఇది."

మంగతాయారు వెంటనే అందుకుంది. "అంటే పాలకి తోడెట్టినట్టేగదండీ? మనింటి పెరుగు చుక్కే మనింటి పాలల్లో వెయ్యడం."

"అచ్చంగా అంతే. తోడుకున్నాక వదిలేస్తే పెరుగు పులిసిపోతుంది చూశారా, ఇవీ అంతే. అదను దాటితే పనికిరావు. మీకు ఉన్నది ఒక్కటే జ్ఞానదంతం, మళ్లీ తీద్దామంటే ఇంకోటి లేదు."

పోసిబాబు క్లారినెట్ పెట్టె ఒళ్లోకి లాక్కున్నాడు. "తీసెయ్యండమ్మా. ఎలాగూ అది నాకేమీ గ్యానం ఇవ్వలేదు," అన్నాడు.

పన్ను తీశారు. కణాలు తీశారు. పైఅంతస్తులో వెచ్చటి పెట్టెలో, గాజు పళ్లేల్లో, అవి వేలు లక్షలుగా బలిశాయి. నీలవేణి రోజూ సూక్ష్మదర్శినిలో చూసి మురిసిపోయేది. బుధవారం పొదుగుదామని ముహూర్తం పెట్టింది. ఆ పొద్దున పళ్లేన్ని కిందికి దింపబోతే మెట్ల దగ్గర కాపలావాడు అడ్డుకున్నాడు.

"పాసేదండీ? ఈ ఆస్పత్రిలో ఒక సెక్షన్ సొత్తు ఇంకో సెక్షన్‌కి పోవాలంటే పాసుండాలండి."

నీలవేణి స్టోర్సుకు వెళ్లింది. స్టోర్సువారు, "మా దగ్గర ప్రాణమున్న సరుకు ఉండదండీ, ఉన్నా దాన్ని ఎలక అంటాం," అన్నారు. మందుల విభాగం వారు ఇది మందు కాదన్నారు. వంటశాలవారు పళ్లెం చూసి ఆశపడ్డారు గాని, లోపలున్నది చూసి వద్దన్నారు. తిరిగి తిరిగి ఆ ఫైలు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంట్ భావనారాయణగారి బల్ల మీద వాలింది.

భావనారాయణగారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు, గొంతు పెంచరు, టీ కూడా సగమే తాగుతారు. నియామకాలు, బదిలీలు, సెలవులు, సీనియారిటీ తప్ప ఈ సృష్టిలో మరో విషయం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఫైలు చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివి, నీలవేణి వైపు ఎంతో దయగా చూశారు. పక్కన బెంచీ మీద పోసిబాబు కూర్చుని ఉన్నాడు.

"అమ్మా డాక్టరుగారూ, వీటికి ప్రాణం ఉందా?"

"ఉందండీ."

"ఆస్పత్రిలో ప్రాణమున్నవి రెండే జాతులు. ఒకటి రోగులు, రెండు ఉద్యోగులు. వీటికి రోగమేమన్నా ఉందా?"

"లేదండీ, చాలా ఆరోగ్యంగా ఉన్నాయి."

"అయితే ఉద్యోగులే," అన్నారు భావనారాయణగారు. "ఇందులో సందేహానికి తావు లేదు. ఇంతకీ వీళ్ల హోదా ఏమిటి?"

"హోదా అంటే... అవి ఇంకా ఏదీ కాలేదండీ. ఎముక దగ్గర పెడితే ఎముకవుతాయి, చిగురు దగ్గర పెడితే చిగురవుతాయి."

"ఆహా! ట్రైనింగు పూర్తయి పోస్టింగు కోసం ఎదురుచూస్తున్న అభ్యర్థులన్నమాట. మరి ఉత్తర్వులు వెలువడకుండా ఎవరంతట వారు ఎముకైపోవడం, చిగురైపోవడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం కదమ్మా? రేపు అందరూ ఎముకే కావాలంటే? చిగురుకు పోయేదెవరు?"

నీలవేణి నుదురు కొట్టుకుంది. పోసిబాబుకు మాత్రం కాస్త ధైర్యం వచ్చింది. ఉద్యోగులంటున్నారు, అంటే గౌరవమే కదా అనుకున్నాడు. పాపం, అతనెప్పుడూ ప్రభుత్వోద్యోగం చేయలేదు.

డైరెక్టరుగారికి ఈ సంగతి తెలిసి పొంగిపోయారు. "లక్షల మంది సిబ్బంది! రాష్ట్రంలో ఇంత సిబ్బంది ఉన్న ఆస్పత్రి ఇంకోటుందా?" అని ఆ సాయంత్రమే పేపర్లవాళ్లను పిలిచారు. సిబ్బంది అన్నాక హాజరు ఉండాలన్నారు. మర్నాటి నుంచి పదిన్నరకు పెట్టె తలుపు తెరిచి, పళ్లేలకు ఫోనుతో ఫోటో తీసి పైకి పంపడం మొదలైంది. ముఖాలు స్పష్టంగా లేవని ఫోటో రోజూ తిరిగొచ్చేది. అందరికీ గైర్హాజరు పడేది.

పోస్టింగు ఫైలు కదిలింది. కదిలి, మొదటి మలుపులోనే ఆగింది.

"ఏవయ్యా పోసిబాబూ," అన్నారు భావనారాయణగారు, "నీ పన్ను ఏ దవడది?"

"కిందదండి. కుడివేపు."

"పోస్టింగు అడుగుతున్నది?"

"పైదవడండి. ముందు."

భావనారాయణగారు నిట్టూర్చారు. "అదీ చిక్కు. కింది దవడవాళ్లు పైదవడకు నాన్‌లోకల్ అవుతారు. రేపు పైదవడవాళ్లు మా ఉద్యోగాలు కిందవాళ్లు కొట్టుకుపోయారని కోర్టుకెళితే నేను జవాబు చెప్పుకోవాలి."

"అయ్యా, పైదవడ వోళ్లెవరూ ఉజ్జోగానికి రాలేదండి. అక్కడున్నోళ్లే పోతన్నారండి," అన్నాడు పోసిబాబు.

"ఖాళీలు ఉండటం వేరు, నిబంధన వేరు. ముందు నివాస ధ్రువపత్రం తెప్పించు."

తహసీల్దారు ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి విచారణకు వచ్చాడు. పోసిబాబును వీధి అరుగు మీద కూర్చోబెట్టి, నోరు తెరవమని, టార్చి వేసి చూశాడు. జ్ఞానదంతం ఉండిన చోటు గుంతగా ఉంది. "ఇక్కడ ఎన్నాళ్లుగా కాపరం ఉన్నట్టు?" అని అడిగాడు. నోరు తెరిచి ఉండటం వల్ల పోసిబాబు వేళ్లు చూపించాడు.

"నువ్వు చెబితే కాదు, ఇరుగుపొరుగు చెప్పాలి," అని అతను మరికాస్త వంగాడు. "ఈ పక్కదాన్ని అడుగుదామంటే సిమెంటు పెట్టుంది. దానవతలది?"

"అదెప్పుడో ఖాళీ చేసి ఎళ్లిపోయిందండి," అంది మంగతాయారు, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

విచారణ ముగిసింది. సదరు దంతం కింది దవడ స్థిరనివాసి అని, దానికి పైదవడతో రాకపోకలు భోజన సమయాల్లో మాత్రమే ఉండేవని ధ్రువపత్రం వచ్చింది. అంటే నాన్‌లోకల్ అని అధికారికంగా తేలిపోయింది. సడలింపు కోరుతూ పైకి రాశారు. పైనుంచి, అభ్యర్థుల సీనియారిటీ జాబితా జతపరచనందున ఫైలు తిప్పి పంపడమైనదని జవాబు వచ్చింది.

సీనియారిటీ దగ్గర భావనారాయణగారు మొట్టమొదటిసారి తల పట్టుకున్నారు. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. రెండైనప్పుడు ఏది పెద్దది? పుట్టిన వేళ ఒకటే, చేరిన వేళ ఒకటే. అక్షరక్రమం చూద్దామంటే పేర్లు లేవు. ఇలా రెండవడం ప్రసవం కిందికి వస్తుందా, వస్తే ప్రసూతి సెలవు ఎవరికివ్వాలి, తల్లి ఏదో బిడ్డ ఏదో తెలియనప్పుడు సెలవులో ఉన్నదెవరు, డ్యూటీలో ఉన్నదెవరు అని ఆయన ఇంట్లో కూడా భోజనం దగ్గర పరధ్యానంగా ఉండేవారట. చివరికి తాత్కాలిక జాబితా ఒకటి తయారుచేసి, అభ్యంతరాలుంటే తెలుపవలెనని పెట్టె తలుపుకు అంటించారు. ఒక్క కణమూ అభ్యంతరం చెప్పలేదు. "ఎంత క్రమశిక్షణ!" అని ఆయన ముచ్చటపడ్డారు.

ఇవతల పోసిబాబుకు రోజు గడిచేకొద్దీ గుండె జారుతోంది. మేళంలో క్లారినెట్ భాగాన్ని కీబోర్డు కుర్రాడొకడు వాయిస్తున్నాడు. శ్రావణమాసం పెళ్లిళ్లన్నీ తాళాలతోనే అయిపోయాయి. రోడ్డు దాటి వచ్చి ఎస్టాబ్లిష్‌మెంట్ బెంచీ మీద కూర్చోవడం అతనికి అలవాటైపోయింది. క్లారినెట్ పెట్టె ఒళ్లో ఉండేది. తెరిచేవాడు కాదు, పైన నిమురుతూ ఉండేవాడు. పైఅంతస్తులో నీలవేణి పాతవాటిని తీసి కొత్తపళ్లేల్లోకి మారుస్తూ, ఎలాగో లాక్కొస్తోంది. "ఇక ఎన్నాళ్లో ఆగవు పోసిబాబుగారూ, ఓపిక తగ్గిపోతోంది వాటికి," అని చెప్పింది. ఆవిడ ఓపిక గురించి ఎవరూ అడగలేదు.

అప్పుడు ఉద్యోగుల సంఘం వారు రంగంలోకి దిగారు. పైఅంతస్తులో లక్షల మంది సోదర ఉద్యోగులను ఒక్క పెట్టెలో కుక్కి, ఆదివారం కూడా పని చేయిస్తున్నారని గేటు దగ్గర నినాదాలిచ్చారు. డైరెక్టరుగారు కదిలిపోయారు. శుక్రవారం మధ్యాహ్నం ఉత్తర్వు వెలువడింది:

"రేపు రెండవ శనివారము, ఎల్లుండి ఆదివారము, ఆవలి దినము వినాయక చవితి అగుటచే, సెలవుదినములలో సిబ్బందిని కార్యాలయమున నిర్బంధించుట అమానుషము. కావున నేటి సాయంత్రము ఐదు గంటలకు పెట్టె స్విచ్చి ఆపివేసి, స్వగృహములకు వెళ్లదలచినవారు వెళ్లుటకు అనువుగా తలుపు తెరచి ఉంచవలెను."

నీలవేణి ఆ కాగితం పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చింది. "భావనారాయణగారూ, వేడి ఆపితే అన్నీ చచ్చిపోతాయండీ! మూడు రోజులు కాదు, ఒక్క రాత్రి చాలు!"

"సెలవులో ఉండగా మరణిస్తే కారుణ్య నియామకానికి అవకాశం ఉందమ్మా," అన్నారాయన, ఓదారుస్తున్నట్టు. "వారసుల జాబితా మాత్రం సిద్ధం చేసుకోవాలి."

నీలవేణికి కళ్లనీళ్లు తిరిగాయి. గోడవైపు తిరిగి నిలబడింది. పోసిబాబు నోట్లో ఉన్న పన్ను తీయించుకుని ఇచ్చాడు. దాని బతుకు ఐదు గంటలకు ముగిసిపోతుంది. కోపం వచ్చింది, కానీ భావనారాయణగారి ముఖం చూస్తే కోపం నిలవలేదు. అంత శుభ్రంగా, అంత నమ్మకంగా ఉందది.

"బాబుగారూ," అన్నాడు పోసిబాబు, "ఒక మాటడుగుతానండి. మా బామ్మర్ది కరెంటాఫీసులో పనిచేస్తాడండి. బదిలీ కోసం ఏళ్లకేళ్లు తిరిగాడండి, రాలేదండి. తవరి కొలువులో ఏ పనీ తొందరగా అవ్వదా అండి? ఒక్కటైనా లేదా?"

భావనారాయణగారు నొచ్చుకున్నారు. "ఎందుకు లేదయ్యా? సస్పెన్షన్ ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ జాబితా అక్కర్లేదు. ఆరోపణ ఉంటే చాలు, టీ చల్లారేలోపు ఆర్డరు చేతిలో పెడతాను."

గోడవైపు తిరిగి ఉన్న నీలవేణి ఇవతలికి తిరిగింది. పమిటచెంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన బల్ల మీది కాగితమే తీసుకుని, ఆయన పెన్నుతోనే, నిలబడే రాసి ఇచ్చింది.

భావనారాయణగారు చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోయాయి.

"పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా, డ్యూటీ సమయంలో, తమ సంఖ్యను రెట్టింపు చేసుకున్నారా? ఎన్నిసార్లు?"

"లెక్కలేనన్ని సార్లండీ."

"సంజాయిషీ అడిగారా?"

"అడిగాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు."

"మౌనమా!" భావనారాయణగారు కుర్చీలోంచి లేచారు. నీలవేణి ఆయన్ని అలా ఎన్నడూ చూడలేదు. "డాక్టరుగారూ, తప్పు చేయడం మానవసహజం. సంజాయిషీ ఇవ్వకపోవడం ధిక్కారం. ఇన్నాళ్లూ వీళ్ల క్రమశిక్షణ చూసి నేను మోసపోయాను!"

"సస్పెండయినవాళ్లు ఆఫీసులో ఉండకూడదు కదండీ?" అంది నీలవేణి మెల్లగా.

"క్షణం ఉండకూడదు! సాక్ష్యాధారాలు తారుమారు చేస్తారు. తక్షణం బయటికి పంపి, సస్పెన్షన్ కాలంలో వాళ్లు ఉండాల్సిన చోటు, అంటే హెడ్‌క్వార్టర్స్, నిర్ణయించాలి. సొంత ఊరు కింది దవడ గదా..."

నీలవేణి గబుక్కున అంది: "కింది దవడలో వాళ్ల ఇరుగుపొరుగు పళ్లున్నాయండీ. రేపు విచారణలో సాక్షులు వాళ్లే."

"నిజమే! నిందితులను సాక్షుల దగ్గరికి పంపుతామా? కూడదు." భావనారాయణగారు పెన్ను మూత తీశారు. "హెడ్‌క్వార్టర్స్ పైదవడ, ముందు భాగం. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు అచ్చోటు విడిచి కదలరాదు. ఇదిగో, పట్టుకెళ్లండి. ఐదులోపు రిలీవ్ చేయించండి."

ఆయన టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

మెట్ల దగ్గర కాపలావాడు సస్పెన్షన్ ఆర్డరు చూసి దారి ఇచ్చాడు, పళ్లెం వైపు కాస్త ఎగతాళిగా కూడా చూశాడు. ఐదు కొట్టకముందే పోసిబాబు కింద కుర్చీలో నోరు తెరుచుకుని వెనక్కి వాలాడు. నీలవేణి చిగురు సున్నితంగా విప్పి, కరిగిన ఎముక గుంతల్లో ఆ లేత పొరను పరిచి, కుట్లు వేసింది. అయిపోయాక గ్లవ్స్ తీసి స్టూలు మీద కూలబడి, మంగతాయారు ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ గటగటా తాగేసింది.

ఆ తర్వాత నెలలు గడిచాయి. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు సాధారణంగా సొంత పనులు చూసుకుంటారు. ఇవి మాత్రం, పాపం, ఉద్యోగమే చేశాయి. చిగురు లేతగులాబీ రంగులో కిందికి దిగింది. ఎక్స్‌రేలో గుంతల చోట తెల్లటి నీడ కనబడింది. పళ్లు ఊగడం తగ్గింది, తర్వాత ఆగింది. ఒకనాడు నీలవేణి వేలుతో నొక్కి చూసి, "ఇక ఊదండి," అంది.

పోసిబాబు ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని క్లారినెట్ బిగించాడు. మొదట కింది స్వరాలు, భయంభయంగా. పళ్లు కదల్లేదు. పెళ్లికూతురి మేనమామ నవ్విన ఆ పై స్వరం దగ్గరికి వెళ్లాడు, కళ్లు మూసుకుని అందుకున్నాడు. అది నిలబడింది. ఓపీ వరుసలో బుగ్గలు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా తలలు తిప్పారు. పోసిబాబు వాయిస్తూనే ఏడ్చాడు. ఊపిరి మాత్రం తెగనివ్వలేదు.

ఆ సంతోషం మీద మాఘమాసం మేళానికి మళ్లీ క్లారినెట్టే ముందు నడిచింది. అంతలో ఒక ఉత్తర్వు పోసిబాబు ఇంటికి వచ్చింది. విచారణ గడువులోగా పూర్తికానందున సదరు మూలకణముల సస్పెన్షన్ ఎత్తివేయడమైనదని, వారు వెంటనే పైఅంతస్తులోని పూర్వ స్థానమున విధులలో చేరవలెనని, సదరు చిరునామాదారు వారిని ఆలస్యము లేక పంపవలెనని దాని సారాంశం. సిబ్బంది సంఖ్య పడిపోయిందని డైరెక్టరుగారు బెంగపడి తెప్పించారట.

మంగతాయారు ఈసారి నవ్వలేదు. "మళ్లీ చిగురు కోసిమ్మంటారా?"

పోసిబాబు ఆ కాగితం పట్టుకుని భావనారాయణగారి దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా కూర్చుని నోరు తెరిచాడు. భావనారాయణగారు కళ్లజోడు సవరించుకుని, వంగి చూశారు. ఇన్నాళ్లూ ఆయన ఆ కణాల గురించి రాసిందే రాసింది, చూసింది లేదు. గట్టిగా, నున్నగా, గులాబీ రంగులో ఉన్న ఆ చిగురు వైపు చాలాసేపు చూశారు.

"నెత్తురు రాదా?" అని అడిగారు, గొంతు తగ్గించి.

"రాదండి."

"గట్టివి తింటావా?"

"చెరుకు కూడా తింటున్నానండి."

భావనారాయణగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ కాగితమే తీసుకుని, వెనక ఇలా రాశారు: "సదరు స్థానమున ప్రత్యామ్నాయ సిబ్బందిని నియమించనిదే ప్రస్తుతమున్నవారిని రిలీవ్ చేయుట సాధ్యము కాదు. ప్రత్యామ్నాయము వచ్చు వరకు యథాస్థానమున కొనసాగవలెను." సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు.

"ప్రత్యామ్నాయం ఎప్పుడొస్తుందండి?"

"మా సర్వీసులో ఇంతవరకూ ఎవరికీ రాలేదయ్యా," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొదటిసారి నవ్వారు. పోసిబాబు ఆ నవ్వులో చూశాడు. ముందుపళ్లు పొడుగ్గా జారి, ఎర్రటి చిగుళ్ల అంచున వేలాడుతున్నాయి.

"బాబుగారూ, తవరికీ నాలాగేనా?"

"రెండేళ్లయింది. అన్నం పిసికి మింగుతున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు."

పోసిబాబుకు ఆయన మీద ఉన్న పాత కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. "అయ్యో! మరి చెప్పరేంటండి? డాక్టరమ్మగారితో నే చెప్తాను. తవరి పన్నే తీసి, తోడెట్టి, తవరి కణాల్నీ సస్పెండు చేయించేస్తే..."

"సస్పెన్షనా!" భావనారాయణగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "నా దవడలో పుట్టినవాళ్లనా? ముప్పై నాలుగేళ్ల సర్వీసయ్యా నాది. ఒక్క మెమో లేదు, ఒక్క మచ్చ లేదు. వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నాను. ఈ వయసులో నా వాళ్లను సస్పెండు చేయించుకుని తలెత్తుకు తిరగనా? వద్దు. సముచిత మార్గం ద్వారానే వెళతాను. నివాస ధ్రువపత్రానికి నిన్ననే దరఖాస్తు పెట్టాను."

పోసిబాబు ఎంత చెప్పినా వినలేదు. నీలవేణి వచ్చి బతిమాలితే, "మీరు మంచివారమ్మా, కానీ అడ్డదారి చూపిస్తున్నారు," అన్నారు. సూపరింటెండెంట్ స్వయంగా అభ్యర్థి అయిన ఫైలును సూపరింటెండెంట్ చూడకూడదు గనక, ఆయన ఆ ఫైలును తన బల్ల మీదినుంచి తీయించి, ఎవరూ కూర్చోని పక్క బల్ల మీద పెట్టించారు. అది అక్కడే ఉండిపోయింది.

రిటైరైన రోజున పోసిబాబు మేళం పిలవకుండానే వచ్చింది. ఆఫీసు నుంచి ఇంటివరకు ఊరేగింపు. భావనారాయణగారు మెడలో దండలతో, పెదవులు బిగించి, అందరికీ నమస్కారాలు పెడుతూ నడిచారు. పోసిబాబు ఆయన ముందే నడుస్తూ, ఆయనకు ఇష్టమైన త్యాగరాజ కీర్తన ఒకటి, పై స్వరాలన్నీ తేలిగ్గా అందుకుంటూ వాయించాడు. నాన్‌లోకల్ సిబ్బంది ఒక్క చోట కూడా తడబడలేదు.

ఇంటి దగ్గర పందిట్లో అందరికీ ఫలహారాలు పెట్టారు. పోసిబాబు జంతిక కరకరలాడిస్తూ తింటుంటే భావనారాయణగారు పక్కన వచ్చి కూర్చున్నారు. ఆ కరకర వింటూ కాసేపు అలాగే చూశారు. తర్వాత తన పళ్లెంలోంచి ఒక జంతిక తీసి, కాగితంలో చుట్టి, చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నారు.

"ఉంచుతున్నానయ్యా," అన్నారు. "ఆర్డర్లు వచ్చాక తింటాను."